ఒడిస్సియస్ నామనిర్వచనము – దేవతాకోపము

హోమరు రచించెనని ప్రాచీనగ్రీకులు చెప్పెడి ఒడిస్సీ కావ్యము 24 సర్గముల గ్రంథము. పంక్తులు 12,000లకు మించియున్నవి. ట్రాయినగరముకడ 10 సంవత్సరములు పోరి, మఱి 10 సంవత్సరములు సముద్రములఁ దిరిగి, తుదకు స్వదేశమగు ఇథాకాద్వీపమును జేరిన యొక రాజుకథ యిందలి వస్తువు. కావ్యమునందలి తొలిమాట ‘పురుషుని’ అను ద్వితీయాంతపదము. ఆ పురుషుఁ డెవ్వఁడో కవి వెంటనే చెప్పఁడు. అతని తిరుగుడును, అతఁడు చూచిన నగరములును, సూర్యుని గోవులను దిని నశించిన సహచరుల మౌఢ్యమును జెప్పి, కాలిప్సో యను దేవకన్య గుహలోఁ జిక్కియున్నాఁడనియుఁ దెలిపి, 21వ పంక్తియందుఁగాని పేరెత్తఁడు. పేరెత్తిన వాక్యమైన నెట్టిది? దేవతలందఱు నతనియెడ జాలిగొనిరి, సముద్రాధిదేవత యగు పొసైడన్ మాత్రము అతఁడు స్వదేశము చేరువఱకు నతనిపై నెడతెగని కోపము పూనియుండెను అనునదియే. అనఁగా నాయకుని నామము కావ్యమున మొట్టమొదట వినఁబడుట దేవతాకోపమునకు విషయముగనే. గ్రీకున నా పదము చతుర్థీవిభక్తియం దున్నది. కోపార్థకధాతుయోగమున నెవనిఁ గూర్చి కోపమో వానికి సంప్రదానసంజ్ఞ చేసిన పాణినిమతము నెఱిఁగినవారికి ఈ ప్రయోగము పరిచితమైనదిగనే తోఁచును. ఆ రెండుభాషలు నొక్క మూలమునుండి పుట్టినవి గదా.

ఈ కావ్యమును బోధించువారు పెక్కండ్రు దీనిని ధర్మమునకు జయము చెప్పెడి కావ్యమందురు. వారి కాధారము ప్రథమసర్గమున దేవరాజగు జ్యూస్ పలికిన పలుకు. మానవులు తమ కష్టములకు దేవతలను నిందింతురనియు, నిజమునకుఁ దమ యవివేకముచేతనే విధికి మించిన దుఃఖము తెచ్చుకొందురనియు నతఁడు చెప్పును. దృష్టాంతము ఈజిస్థసు. హెర్మీసుచేత ముందుగా హెచ్చరింపఁబడియు, అతఁ డగమెమ్నానుని భార్యను గైకొని యతనిని జంపెను. పిదప నగమెమ్నాను కొడుకుచేతఁ దాను జచ్చెను. ఈ మాట గంభీరమైనదే. అయినను ఇది కవిసిద్ధాంతమో, దేవరాజు తన పక్షమునఁ జెప్పుకొన్న సమర్థనమో విచారింపవలసియున్నది. ఏలయన, జ్యూస్ పలుకు ముగిసినతోడనే కూఁతురగు అథీనా యడ్డుపడును. ఈజిస్థసునకుఁ దగిన శాస్తి యయినది, సరియే. నిత్యము నీకు బలు లర్పించిన ఒడిస్సియస్ మీఁద నీ కింతకోప మేల? అని యామె ప్రశ్న. ఈ ప్రశ్నలో నామె వాడిన క్రియాపదము ఒడిస్సియస్ నామముతోఁ దుల్యమైన ధ్వనిగలది. కోపార్థకమైన యీ ధాతువు ఈ కావ్యమున నైదుచోట్ల వచ్చును. ఐదుచోట్లను నాయకుని సంబంధముననే వచ్చుటచే నిది యాదృచ్ఛికము గాదని స్పష్టము.

వానిలో ముఖ్యమైనది 19వ సర్గమున నున్నది. మాఱువేసముతో నిలుచేరిన రాజునకు ముసలిదాది యూరిక్లీయా కాళ్లు కడుగుచుఁ దొడపై నడవిపంది కోర తాఁకిన మచ్చను దడవి గుఱుతించును. అచటఁ గవి కథ నాపి వెనుకకుఁ బోవును. మాతామహుఁడగు ఆటొలికస్ ఇథాకాకు వచ్చినప్పుడు, ఈ దాదియే శిశువును దెచ్చి యతని మోఁకాళ్లపై నిడి పేరు పెట్టుమని కోరెను. పెక్కండ్రు స్త్రీపురుషులయెడ ‘ఒడుస్సామెనొస్’ అయి వచ్చితినిగాన వీనికి ఒడిస్సియస్ అను పేరగుఁగాక యని యాతఁ డనెను. ఈ కృదంతమున కర్థమేమి? కోపించినవాఁడనియా, ఇతరుల కోపమునకుఁ బాత్రుఁడైనవాఁడనియా? పూర్వవ్యాఖ్యాతలనుండి నేఁటివఱకుఁ బండితులు వివాదపడుచునే యున్నారు. ఆ రూపము గ్రీకువైయాకరణులు మధ్యమమందురే, మన యాత్మనేపదమునకు సమానమైనది, దానికిఁ జెందినది. సంస్కృతమున నాత్మనేపదము కర్తరియందును గర్మణియందును జెల్లును. కావున సంస్కృతవ్యాకరణ మభ్యసించినవానికి ఒక్క రూప మీ రెండర్థముల నిముడ్చుకొనుట విడ్డూరముగఁ దోఁపదు. ఆటొలికస్ చౌర్యమునందును గపటప్రమాణములందును బ్రసిద్ధుఁడు. అతఁ డన్యుల రోషమునకుఁ బాత్రుఁడే, అన్యులపై రోషము గలవాఁడును గావచ్చును. మనుమఁడును నట్టివాఁడే. బాధించువాఁడును బాధింపఁబడువాఁడును నొక్కఁడే యగుట యీ పేరునందే నిలిచియున్నది. దీని నొకవైపునకుఁ ద్రిప్పి యనువదించువా రా నామమును సగము చెఱచుచున్నారు.

ఇది యాస్కుని నిరుక్తపద్ధతివంటి నిర్వచనమే కాని చారిత్రకమైన వ్యుత్పత్తి గాదు. ప్రాచీనమృత్పాత్రలపై నీ పేరు డకారమునకు మాఱు లకారముతో వ్రాయఁబడియున్నది. లాటినునఁ గూడ యులిక్సెస్ అనియే రూపము. గ్రీకులకుఁ బూర్వమందలి భాషనుండి యీ పదము వచ్చియుండునని యాధునికులు పలువు రూహింతురు. ఐనను గావ్యవిమర్శమునఁ గవి యుద్దేశించిన నిర్వచనమే ప్రమాణము.

నామమే యనర్థకారణమగుట 9వ సర్గమునఁ గానవచ్చును. ఒంటికంటి రాక్షసుఁడగు పాలిఫీమస్ గుహలో నాఱుగురు సహచరులు భక్షింపఁబడఁగా, ఒడిస్సియస్ తన పేరు ‘ఊటిస్’, అనఁగా ‘ఎవఁడును గాఁడు’ అని చెప్పి, వాని కంటిని బొడిచి గ్రుడ్డివానిఁ జేయును. రాక్షసుఁ డఱవఁగా నిరుగుపొరుగువారు వచ్చి యడుగుదురు. ఊటిస్ నన్నుఁ జంపుచున్నాఁడని వాఁడనును. నిషేధము కర్తృపదమునందే యుండి క్రియ విధిరూపముననే నిలుచు భాషలోఁగాని యీ చమత్కారము పొసఁగదు. తెనుఁగున నిషేధము క్రియ నాశ్రయించును. ‘ఎవఁడును నన్నుఁ జంపుచున్నాఁడు’ అనిన నది వాక్యమే కాదు. అనువాదకు లిచట నెంత శ్రమపడినను జమత్కారము కొంత జాఱిపోవక తప్పదు. పొరుగువారి ప్రత్యుత్తరమునఁ బదము మాఱును. గ్రీకున నిషేధార్థకములు రెండు. నిన్నెవఁడును బాధింపకున్నచో నను నర్థమున వారు రెండవనిషేధమును వాడి ‘మే టిస్’ అందురు. ఈ ‘మే’ యే సంస్కృతమందలి ‘మా’ యను నిషేధార్థకావ్యయమునకుఁ దోఁబుట్టువు. ఆ రెండుపదములను గలిపి పలికినచో బుద్ధికౌశలమను నర్థముగల ‘మేటిస్’ అను పదము వినఁబడును. (తెనుఁగున ‘మేటి’కిని దీనికిని సంబంధ మేమియు లేదు; ధ్వనిసామ్యముచే భ్రమపడరాదు.) తన పేరును తన మేటిసును వారిని వంచించెనని ఒడిస్సియస్ లోలోన నవ్వుకొనును. ఈ మేటిసే యతనికిని అథీనాకును గల చెలిమికి మూలము. మానవులలో నతఁడును దేవతలలోఁ దానును గౌశలమున మేలైనవారమని 13వ సర్గమున నామెయే చెప్పును.

ఊటిస్ అయియున్నంతవఱకు నతఁ డే దేవత చేతికిని దొరకలేదు. ఓడ కదలిన పిమ్మట, సహచరులు వారించుచున్నను వినక, కన్ను పొడిచినవాఁడు లేయర్టీసు కొడుకు, ఇథాకావాసి యగు ఒడిస్సియస్ అని బిగ్గఱగాఁ జాటును. వెంటనే రాక్షసుఁడు తండ్రియగు పొసైడన్ వైపు చేతులెత్తి, ఆ నామమును దండ్రిపేరును ఊరిపేరును సంకల్పమునందువలె నుచ్చరించి శపించును. ఇలు చేరఁ గూడదు. చేరుట విధియైనచో నాలసించి, సహచరుల నందఱఁ బోఁగొట్టుకొని, పరుల యోడలోఁ జేరి, యింటఁ గష్టములు చూడవలెనని. ఇందొక్క మాటయు వ్యర్థము గాలేదు. ఇంటఁ గాంచిన కష్టము 108 మంది వివాహార్థులు. ఇచట నపరాధ మెవరిది? అతిథులను దిన్నవాఁడు రాక్షసుఁడు. అతిథిరక్షకుఁడని పేరొందిన జ్యూసునకు ఒడిస్సియస్ పొట్టేలును బలియిచ్చినను, దేవుఁడు దానిని గైకొనక యోడలను నాశనము చేయు నుపాయమును జింతించుచుండెనఁట. ఇది ఒడిస్సియస్ తానే చెప్పుకొన్న కథయందలి మాట యనుట నిజమే. కాని పొసైడన్ కోపమునకుఁ గారణము కొడుకు కన్ను పోవుటయే కాని ధర్మహాని గాదని ప్రథమసర్గమున జ్యూసే యొప్పుకొనెను.

పేరునకుఁ గల యీ భారమును బందులకాపరి యూమియస్ ఎఱిఁగినట్లున్నాఁడు. యజమానుఁ డెదుట లేకున్నను నాతని పేరెత్తుటకు సంకోచించుచున్నానని 14వ సర్గమున వాఁ డనును. గురుజనుల పేరెత్తరాదను మన యాచారము తెలిసినవారి కిది హృదయంగమము. ఆ మాట నతఁ డెదుటనున్న యజమానునితోనే యనుట కవి చమత్కారము.

ధర్మకావ్యమను మతమునకు నిజముగా నడ్డుతగులునది ఫయేషియనుల కథ. వారు దిక్కులేని యతిథిని గౌరవించి, కానుక లిచ్చి, తమ యోడలో నిద్రించుచున్నవానిని ఇథాకా చేర్చిరి. ఆ మేలునకుఁ బ్రతిఫలముగాఁ దిరిగివచ్చుచున్న యోడ తీరము చేరువలోనే శిలయయ్యెను. పొసైడన్ వారి నగరముచుట్టు గొప్పపర్వతమును గప్పఁదలఁపఁగా జ్యూస్ ఏమనెను? వ్రాఁతప్రతులందలి పాఠము ‘మెగ’, అనఁగా సంస్కృతమందలి మహచ్ఛబ్దమునకు జ్ఞాతియైన పదము. గొప్పపర్వతమును గప్పుమని యర్థము. బైజాంటియమువాఁడగు అరిస్టొఫనీసు అను పూర్వవైయాకరణుఁడు ‘మేదె’ యని పాఠము గ్రహించెను. ‘కప్పవలదు’ అని యర్థము. మే యను నీ యొక్క నిషేధముచే దేవరాజు దయాళు వగును. ఆ పాఠమును గోరినవాని మనసు మంచిదే. కాని దేవుని దోషము తొలఁగించుటకై పాఠమును దిద్దుట విమర్శకధర్మము గాదు. వ్రాఁతప్రతుల పాఠమే గ్రాహ్యము. కవి యే తీర్పును జెప్పలేదు. ఫయేషియనులు 12 ఎద్దులను సిద్ధపఱచి, పొసైడన్ను వేఁడుకొనుచు వేదికచుట్టు నిలిచిరి. ఆ పంక్తి నడుమనే వాక్యము తెగి, ఒడిస్సియస్ మేల్కాంచెను అని కథ యావలికిఁ బోవును. ఆ జనులగతి యేమయ్యెనో కావ్యము చెప్పదు.

ఇఁక నా కోప మెట్లు శమించును? ప్రేతలోకమున టైరీసియస్ అను ద్రష్ట చెప్పిన దొక్కటే యుపాయము. తెడ్డు భుజమునఁ బెట్టుకొని, సముద్ర మెఱుఁగని, యుప్పు దినని జనుల దేశమునకుఁ బోవలెను. త్రోవలో నెవఁడేని దానిని జూచి ధాన్యము తూర్పారఁబట్టు చెక్కపార యనినచోట దానిని నేల నాటి, పొట్టేలును, ఎద్దును, మగపందిని పొసైడనునకు బలి యీవలెను. 23వ సర్గమున ఇరువదియేండ్ల పిమ్మటఁ గలిసికొన్న పెనెలొపీతో ఒడిస్సియస్ మొదటిరాత్రియే యీ మాట చెప్పును. ఆ ప్రయాణము కావ్యమున లేదు.