‘ట్యాంకు’ అను మాట – దాని అర్థములు, పర్యాయములు

ఆంగ్లమునందలి పెద్ద పెద్ద పారిభాషిక పదములు తెలుగు బోధకుని అంతగా బాధింపవు. వానికి నిఘంటువు ఏదో యొక సంస్కృత సమాసమును చూపి గట్టెక్కించును. నిత్యము నోట నానుచుండు చిన్న మాటలే చిక్కు పెట్టుచుండును. అట్టివానిలో ‘ట్యాంకు’ ఒకటి. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము ప్రాంతముల తెలుగు బిడ్డలకు ఈ మాట నలుదిక్కుల నుండి ఎదురగుచుండును. నీటిపారుదల శాఖవారి లెక్కలలో ఊరి చెరువు ట్యాంకు. వీధి చివర స్తంభములపై నిలిచిన సిమెంటు కట్టడము ట్యాంకు. మోటారు బండికి చమురు పోయు భాగమును ట్యాంకే. చరిత్ర పాఠములో ఫిరంగితో కదలివచ్చు ఇనుప శకటమును ట్యాంకే. బజారులో దొరకు చిన్న నిఘంటువులు ఈ మాటకెదురుగా చెరువు, కొలను, తొట్టి అని వరుసగా వ్రాసి, నడుమ కామాలు పెట్టి ఊరకుండును. ఆ కామాలే ఈ వ్యాసమునకు హేతువు. విద్యార్థి వానిని చూచి, ఈ మూడును ఒకదానికి బదులొకటి వాడదగినవని గ్రహించుచున్నాడు.

మాట పుట్టుకయే తికమకగా నున్నది. యూల్, బర్నెల్ పండితులు 1886లో వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ అను ఆంగ్లో-ఇండియను పదకోశమున దీనికి రెండు మూలములున్నట్లు చూపిరి. ఒకటి గుజరాతు ప్రాంతమున భూమిలో త్రవ్వి నీరు నిలువజేయు కట్టడమునకు గల పేరు. రెండవది పోర్చుగీసు వారి ‘తాంకె’. దానికి లాటినులో నిలువ నీరను అర్థముగల పదము మూలము. రెండు ఏరులు కలిసి ఆంగ్లమున నొక మడుగైనవి. యుద్ధశకటమునకు ఈ పేరు వచ్చుట మరియు విచిత్రము. 1916 సెప్టెంబరు 15వ తేదీన సోమ్ రణరంగమున ఆ శకటములు మొదటిసారి కదలినవి. అంతకుముందు వానిని రహస్యముగా నిర్మించునపుడు, శత్రువునకు పొక్కకుండుటకై నీటితొట్లని చెప్పిరి. అబద్ధమునకై పెట్టిన పేరు స్థిరపడిపోయినది!

ఇక మన ప్రాచీనుల పద్ధతి చూడుడు. అమరసింహుడు వారివర్గమున లోతైన నీరు గలది హ్రదమనెను. ఎవరును త్రవ్వక సహజముగ ఏర్పడినది దేవఖాతకమనెను. చిన్న నీటిగుంటను వేశంతమని, పల్వలమని వేరు చేసెను. పద్మాకరము, తటాకము, కాసారము, సరస్సు మొదలగువానిని వేరుగ నొక చోట కూర్చెను. వాపి, దీర్ఘిక మరియొక జత. పర్యాయములను కూర్చుటకే పుట్టిన గ్రంథమైనను, ఎచ్చట ఒక జాతి ముగిసి మరియొక జాతి మొదలగునో అది చెప్పుచునే యున్నది. మన చిన్న నిఘంటువులలో లోపించినది ఈ వివేకమే.

తెలుగున ఈ భేదము నామములకంటె క్రియలలో స్పష్టముగా కానవచ్చును. చెరువు ఎండును, తెగును; దానికి గండి పడును; నిండినచో మరవ పారును. కుంట ఇంకిపోవును. బావి అడుగంటును. తొట్టి పగులును, కారును, ఖాళీయగును. ‘చెరువు ఖాళీయైనది’ అని మా ప్రాంతపు రైతెవడును అనడు. ‘తొట్టికి గండి పడినది’ అన్నచో పిల్లలు నవ్వుదురు. పర్యాయములని చెప్పబడు రెండు పదములకు ఒకే క్రియ పొసగుచున్నదా యని పరీక్షించుట తరగతిలో తేలికగా చేయదగిన పని. వ్యాకరణమేమియు నక్కరలేదు, పిల్లవాని చెవియే చాలును.

మా సీమలో కన్నడమును తోడై ఈ విషయమునకు మరింత రుచి చేకూర్చినది. కన్నడమున కెరె, తెలుగున చెరువు. కన్నడపు ‘కివి’ మనకు ‘చెవి’ యైనట్లే, ‘కెడు’ మనకు ‘చెడు’ అయినట్లే, ఇదియు అక్కచెల్లెండ్ర పోలిక. బంధించుట యను భావముగల ‘చెర’ యను మాటయు దీనికి దగ్గరి చుట్టమని నిఘంటుకారులు తలచిరి. పారు నీటిని కట్టతో నిలిపినది చెరువు గదా! తూము కన్నడమున తూబు. నీరుగంటి రెండు భాషలలోను నీరుగంటియే. కాని మరవకు కన్నడమున ‘కోడి’ యని పేరు. చెరువు నిండి పొర్లినదని కన్నడమున చదివిన తెలుగు బాలుడు కట్టమీద కోడిపెట్టకై వెదకుటలో వింత లేదు. నంది గ్రామమునందలి భోగనందీశ్వరాలయపు శృంగితీర్థము మెట్లతో కట్టిన కోనేరు. కన్నడిగులు దానిని కల్యాణి యందురు. గుడిబండ వద్దనున్న మహాజలాశయమునకు బైరసాగరమని పేరు. మన పూర్వులు పెద్ద చెరువులకు సాగరమని, సముద్రమని పేర్లిడిరి. కుంట మొదలు సముద్రము వరకు గల ఈ శ్రేణి యంతయు ఆంగ్లపు ఒక్క మాటలో మునిగిపోయినది.

చెరువనగా నేమియో తెలియగోరువారు కడప జిల్లాలోని పోరుమామిళ్ళ శాసనమును చూడవలెను. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు 1369లో వేయించినది. వేయిమంది పనివారు, నూరు బండ్లు, రెండేండ్ల శ్రమ ఆ చెరువునకు పట్టినవి. చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను శాసనము చెప్పుచున్నది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రము నెరిగిన విప్రుడు, గట్టి నేల, దూరమునుండి వచ్చు తియ్యని నీటి యేరు, కొండలు, రాతికట్ట, దిగువన సారవంతమైన పొలములు, నేర్పరులైన పనివారు ఆ అంగములలోనివి. కట్ట చెమ్మగిల్లుట, చవిటినేల, నీరు తక్కువై నేల యెక్కువగుట దోషములు. రెండు రాజ్యముల సరిహద్దున ఉండుటయు ఒక దోషమే! బాగేపల్లి చెంత పరగోడు వద్ద చిత్రావతిపై అడ్డుకట్ట విషయమున రెండు రాష్ట్రముల నడుమ జరిగిన వాదములు ఎరిగినవారికి ఈ మాట కొత్తగా తోపదు.

ఇదంతయు పండితుల వినోదమని తలచువారు కలరు. వారితో నేను ఏకీభవింపజాలను. హైదరాబాదులో హుస్సేనుసాగరపు కట్టను తెలుగువారును ‘ట్యాంక్‌బండ్’ అనియే పిలుచుచున్నారు. కట్ట యను మన మాట ఆ చోటికి తిరిగి రాలేదు. అది పేరు మాత్రమే, పోనిండు. మా జిల్లాలో సంగతి అంతటితో ఆగలేదు. బెంగళూరు మురుగునీటిని కొంత శుద్ధి చేసి, హెబ్బాళ-నాగవార లోయ నుండి గొట్టములద్వారా చిక్కబళ్ళాపుర ప్రాంతపు చెరువులకు మళ్ళించిరి. ఎండిన చెరువులు నిండినవన్న సంతోషము ఒక ప్రక్క. శుద్ధి రెండవ దశతో నిలిచినది, మూడవ దశయు కావలెనన్న రైతుల కోరిక మరొక ప్రక్క. ఈ వాదమున తీర్పు చెప్పుట భాషోపాధ్యాయుని పని గాదు. అయినను ఒక్క సంగతి మాత్రము చెప్పవలసియున్నది. తొట్టిలో పోసిన నీరు తొట్టిలోనే యుండును. చెరువులో పోసిన నీరు అడుగున ఇంకి, చుట్టుప్రక్కల బావులలోను బోరులలోను ఊరును. ట్యాంకును నింపితిమని వ్రాసికొన్న లెక్కలో ఈ ఊట కనబడదు. ‘చెరువు’ అని వ్రాసినచో, దానితో ఆయకట్టు, తూము, నీరుగంటి, ఊటబావి యన్నియు తామే స్ఫురించును.

కావున నిఘంటుకారులకు నా మనవి యిది. ట్యాంకు అను మాట కెదురుగా పదములను కామాలతో పేర్చక, వానిని సంఖ్యలతో విడదీయుడు. కట్ట కట్టి వాననీటిని నిలిపినది చెరువు. చిన్నది, కట్ట అల్పమైనది కుంట. దేవళమునకు చేరి మెట్లు గలది కోనేరు. రాతితోనో సిమెంటుతోనో కట్టి నీరు పోసికొనునది తొట్టి. చమురు ట్యాంకును, యుద్ధపు ట్యాంకును ట్యాంకుగనే యుండనిండు. వానికి సంస్కృత సమాసములు కల్పించి పిల్లల నోరు నొప్పింపవలదు. మరవ, తూము, నీరుగంటి వంటి మాటలను నాలుగవ తరగతి వాచకమున చేర్చి, ప్రక్కనే కన్నడపు మాటలను తెలుగు లిపిలో నిచ్చినచో, కోడి విషయమున బాలుడు తడబడడు.