ఉద్యోగమూ పనీ: భిలాయి ఉక్కునగరం, తెలుగు కథ

ధనిక దరిద్ర భేదం తెలుగు సాహిత్యానికి కొత్త వస్తువు కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922) నాటికే కూలి ప్రశ్న నవలలో ప్రవేశించినది. అటుపిమ్మట జమీందారు, షావుకారు, కౌలుదారు, పాలేరు అందరూ తెలుగు కథలో తమ తమ స్థానాలు సంపాదించుకొన్నారు. భూమి చుట్టూ అల్లుకొన్న దారిద్ర్యాన్ని చిత్రించడంలో తెలుగు కథకుడు ఏ భాషలోని కథకునికీ తీసిపోడు. కాని పొలం విడిచి కర్మాగారపు గోడ దగ్గరకు వచ్చేసరికి అతని చూపు కొంత మందగిస్తున్నది. సింగరేణి బొగ్గుగనుల జీవితాన్ని లోనుండి చూచి రాసిన అల్లం రాజయ్య వంటి వారిని మినహాయిస్తే, తక్కినవారికి అక్కడ తరచుగా ఇద్దరే కనిపిస్తారు. ఒకడు యజమాని, మరొకడు కార్మికుడు. యజమాని దుర్మార్గుడు కావచ్చు, లేదా చివరి పుటలో హృదయం మారి దాత కావచ్చు. కార్మికుడు మాత్రం ఎప్పుడూ ఒక్కడే, ఒకే వర్గం. ఈ రెండు బొమ్మలను చేతబట్టుకొని వెళ్ళినవానికి ఎంతమాత్రం అర్థం కాని ఊరు భిలాయి.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒడంబడిక జరిగేనాటికి దుర్గ్ జిల్లాలోని ఆ ప్రాంతం వరిపొలాల సీమ. నాడది మధ్యప్రదేశ్‌లో భాగం. 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఉన్నది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దల్లీ-రాజహరా కొండల నుండి ఇనుపరాయి, నందిని నుండి సున్నపురాయి వచ్చాయి. దేశమంతటా రైలుబండ్లు పరుగెత్తే పట్టాలలో పెద్దభాగం ఆ కొలిమిలో పుట్టినదే. అయితే భిలాయిని కేవలం ఉక్కు కోసం కట్టలేదు. వెనుకబడిన సీమలో పరిశ్రమ పెడితే దారిద్ర్యం తగ్గుతుందనీ, ప్రభుత్వమే యజమాని అయితే తక్కిన యజమానులకు అది మేలుబంతి అవుతుందనీ ఆనాటి పాలకుల విశ్వాసం. సెక్టర్ల వరుసలు, బడులు, సెక్టర్ 9లోని పెద్ద ఆసుపత్రి, రష్యా స్నేహానికి గుర్తుగా మైత్రీబాగ్ ఆ విశ్వాసం నుండి పుట్టాయి. కులాన్ని బట్టి కాక ఉద్యోగపు స్థాయిని బట్టి ఇండ్లు కేటాయించినందున ఛత్తీస్‌గఢీ రైతుబిడ్డ, మలయాళీ, పంజాబీ, తెలుగువాడు ఒకే వీధిలో కాపురాలు పెట్టారు. ఇది అల్పమైన సంగతి కాదు. పరిశ్రమ అసమానతను తగ్గించగలదా అన్న ప్రశ్నకు భిలాయి ఇచ్చిన మొదటి జవాబు 'అవును' అనే. ఆ జవాబును ఎగతాళి చేయడం ఇటీవలి విమర్శకులలో కొందరికి అలవాటయినది. అది న్యాయం కాదు. విజయనగరం–రాయపూర్ దారిన రైలెక్కి వెళ్ళిన కుటుంబాలలో ఎన్నో ఒక్క తరంలోనే మట్టి నుండి మేడకు ఎక్కాయి.

కాని ఆ జవాబుకు రెండవ సగం ఒకటి ఉన్నది. దానిని సవిస్తరంగా చెప్పినవాడు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ. 1993 మొదలుకొని అనేక సంవత్సరాలు భిలాయికి వచ్చి పోతూ, అక్కడివారి మధ్య నివసించి చేసిన పరిశోధనను ఆయన 2020లో 'క్లాసెస్ ఆఫ్ లేబర్' అనే బృహద్గ్రంథంగా వెలువరించాడు. ఆయన సిద్ధాంతం సంగ్రహంగా ఇది: భిలాయిలో శ్రమజీవులు ఒకే వర్గం కారు. స్థిరమైన కొలువు గలవారు ఒక వర్గం. కంట్రాక్టరు కింద గాని, చిన్న ఫ్యాక్టరీలలో గాని, అడ్డా మీద గాని ఏనాటి కూలి ఆనాటికి సంపాదించుకొనేవారు మరొక వర్గం. అక్కడివారి నోట మొదటిది 'నౌకరీ', రెండవది 'కామ్'. ఒకే కొలిమి దగ్గర, ఒకే సెగలో, ఇంచుమించు ఒకే పని చేస్తున్న ఇద్దరిలో ఒకనికి క్వార్టరు, వైద్యం, పెన్షను. మరొకనికి వాని జీతంలో చిన్న పాలు మాత్రమే. మొదటివాని కొడుకు ఇంజనీరింగు కాలేజీకి వెడతాడు. రెండవవాని కొడుకు తండ్రి వెంట గేటు దగ్గర నిలబడతాడు.

అనువాదకుని చేతిలో ఈ రెండు మాటలు పడితే ఏమవుతుందో గమనించదగినది. 'కామ్'కు తెలుగులో 'పని' ఉన్నది. 'నౌకరీ'కి 'ఉద్యోగం' ఉన్నది. ఇంతవరకు సుళువే. కాని 'ఉద్యోగం' అన్న సంస్కృతపదానికి అసలు అర్థం ప్రయత్నం, పూనిక. మహాభారతంలో ఉద్యోగపర్వం యుద్ధానికి సన్నద్ధమయ్యే పర్వమే గాని జీతపు పర్వం కాదు. ప్రయాసను చెప్పే ఆ మాట తెలుగులో క్రమంగా నెల తిరిగేసరికి చేతికందే భద్రతకు పేరయినది. 'వాడికి ఉద్యోగం లేదు, ఏదో పని చేసుకొంటున్నాడు' అని తెలుగింటి తల్లి నిట్టూర్చినప్పుడు పారీ అనేక పుటలలో చెప్పినదంతా ఆ ఒక్క వాక్యంలో ఇమిడిపోతున్నది. భాష ఇంత స్పష్టంగా చూచిన భేదాన్ని కథ చూడకపోవడం వింత. 'కార్మికుడు' అన్న ఒక్క మాటతో ఇద్దరినీ కప్పివేయడం సభావేదికకు అవసరం కావచ్చు, కథకు అపకారం.

ఈ భేదం యాదృచ్ఛికం కాదు, చట్టం దానికి కాపలా కాస్తున్నది. కంట్రాక్టు శ్రమను నియంత్రించడానికీ, తగినచోట రద్దుచేయడానికీ 1970లో పార్లమెంటు ఒక శాసనం చేసినది. దాని ప్రకారం ఒక పనిలో కంట్రాక్టు పద్ధతిని నిషేధించినప్పుడు ఆ కూలీలు ప్రధాన సంస్థలో ఉద్యోగులు కావాలని 1996లో సుప్రీంకోర్టు ఎయిర్ ఇండియా వ్యాజ్యంలో అన్నది. 2001 ఆగస్టు 30న అదే న్యాయస్థానం ఆ మాటను వెనుకకు తీసుకొని, నిషేధం వల్ల ఉద్యోగం దానంతట అది రాదని తేల్చినది. ఆ రెండవ వ్యాజ్యంలో ఒక కక్షి స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా, అనగా భిలాయి కర్మాగారం ఏ సంస్థలో భాగమో ఆ సంస్థే. మేలుబంతి కావలసిన యజమాని ఆ గీతను చెరపడానికి కాక నిలుపుకొనడానికి న్యాయస్థానం మెట్లెక్కినదన్నమాట. ఒకప్పుడు 60 వేలకు పైబడి ఉన్న భిలాయి స్థిరోద్యోగుల సంఖ్య తరువాతి దశాబ్దాలలో సగానికంటె తక్కువకు దిగినది. ఉక్కు ఉత్పత్తి దిగలేదు. ఆ ఖాళీలో నిలబడినది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

ఈ గీతను ఎదిరించినవారు లేకపోలేదు. 1977లో దల్లీ-రాజహరా గనులలో కంట్రాక్టు కూలీలు శంకర్ గుహ నియోగి నాయకత్వాన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక సంఘాన్ని నెలకొల్పుకొన్నారు. ఆ ఏటనే జూన్ 2, 3 తేదీలలో పోలీసు కాల్పులకు 11 మంది బలి అయ్యారు. ఆ సంఘం చేసిన పనులలో కథకుడు ప్రత్యేకంగా పట్టించుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కూలి పెరిగితే ఆ పెరిగిన కూలి సారాకొట్టుకు చేరుతున్నదని గ్రహించి, మద్యాన్ని మాన్పించే ఉద్యమం సాగించారు. కూలీల చందాలతో 1983లో షహీద్ ఆసుపత్రి వెలసినది. యంత్రాలను పూర్తిగా తెస్తే మనుషులు, ముఖ్యంగా ఆడవారు, గనుల నుండి వెళ్ళిపోవలసి వస్తుందని, మనిషికీ యంత్రానికీ పని పంచే మధ్యమార్గాన్ని ప్రతిపాదించారు. ఎవరో దాత వచ్చి ఉద్ధరించడం కాదిది. చేతికి వచ్చిన డబ్బు ఎటు పోతున్నదో లెక్క చూచుకొన్న పేదవారి ఆర్థికశాస్త్రం. తరువాత నియోగి భిలాయిలోని ప్రైవేటు ఫ్యాక్టరీల కూలీల వైపు తిరిగాడు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున నిద్రలో ఉండగా హత్యకు గురి అయ్యాడు. మరుసటి యేడు జూలై 1న పవర్‌హౌస్ స్టేషనులో రైలుపట్టాల మీద కూర్చున్న కూలీలపై కాల్పులు జరిగి 16 మంది మరణించారు. పట్టాలు భిలాయివి, ప్రాణాలూ భిలాయివే.

భిలాయి కట్టే రోజులలో కొలిమికి నరబలి కావాలన్న వదంతి చుట్టుపట్ల పల్లెలలో వ్యాపించినదని పారీ నమోదు చేశాడు. చదువుకొన్నవారికి అది మూఢవిశ్వాసంగా తోచవచ్చు. కాని ఆ వదంతి విన్న తెలుగు పాఠకునికి కాళీపట్నం రామారావు 'యజ్ఞం' జ్ఞప్తికి రాక మానదు. 1960లలో వెలువడిన ఆ కథలో సుందరపాలెం అభివృద్ధి పొందిన గ్రామం. రోడ్డు వచ్చినది, బడి వచ్చినది. ఆ అభివృద్ధిలోనే అప్పల్రాముడు అప్పుల పాలయ్యాడు. పంచాయితీ న్యాయబద్ధంగానే జరిగినది, ఎవరూ అబద్ధమాడలేదు. చివరకు కొడుకు సీతారాముడు తన బిడ్డను తానే నరికి తెచ్చి పంచాయితీ ముందు పెట్టాడు. ఆ కథ గొప్పదనం రక్తపాతంలో లేదు, అంతకు ముందు సాగిన లెక్కలో ఉన్నది. అప్పిచ్చిన గోపన్న రాక్షసుడు కాడు. వ్యాపారం చితికి తానూ దిగజారినవాడే. ధనం ఎవరి చేతినుండి ఎవరి చేతికి, ఏ ధర్మం పేరిట మారుతున్నదో రామారావు ఓపికగా చూపాడు. దుర్మార్గుని వెదకలేదు. పారిశ్రామిక నగరాన్ని రాయదలచినవానికి తెలుగులో ఇంతకంటె మంచి గురువు లేడు. విచిత్రమేమంటే ఈ గురువు పద్ధతిని పల్లెకథకులే ఎక్కువగా అనుసరించారు. పట్నపు కథ ఇంకా ఉపన్యాసం దగ్గరనే ఆగి ఉన్నది.

భిలాయిలోనూ గోపన్నలు ఉంటారు. పెద్ద సంస్థ పని విడగొట్టి కంట్రాక్టరుకు ఇస్తుంది. అతడు ఇంకొకనికి ఇస్తాడు. చివరివాడు నిన్నటివరకు తట్ట మోసిన మేస్త్రీ. తన ఊరివారిని, తన బంధువులను రైలెక్కించి తెస్తాడు. వారికి అతడు అన్నం పెట్టిన చేయి, కూలి కోసిన చేయి కూడ. ఇతనిని దుష్టునిగా చిత్రించడం సులభం, నిష్ప్రయోజనం. ఇతడు దించిన బరువు ఏ పై మెట్టు నుండి దిగినదో చూపినప్పుడే కథ అవుతుంది.

వ్యాపారం అసమానతను తగ్గించే మార్గం దానమే అన్న భావం ఇటీవల చట్టరూపం కూడ ధరించినది. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత పరిమాణానికి మించిన సంస్థలు గడచిన మూడేండ్ల సగటు నికరలాభంలో 2 శాతం సమాజహితానికి వెచ్చించాలి. గాంధీజీ చెప్పిన ధర్మకర్తృత్వానికి ఇది దూరపు బంధువు. చెడ్డదనడానికి లేదు. అయితే లాభం తేలిన తరువాత తీసే పాలిది. కూలి లాభం తేలకముందే నిర్ణయమవుతుంది. జంషెడ్‌పూర్‌లో టాటా సంస్థ 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలుపరచినప్పుడు అది దానం కాదు, పనికి కట్టిన వెల. దాతను చూచి చేతులు జోడించే తెలుగు కథ, ఈ వెలను లెక్కించే కథగా మారలేదు. గేటు బయట బడి కట్టించిన సంస్థే గేటు లోపల ఒక తల్లి కూలిని కంట్రాక్టరు లెక్కకు వదలివేస్తే, ఆ బడిలో చదివే ఆమె బిడ్డ కథను ఏ పేరుతో పిలవాలి?

భిలాయిలో తెలుగు ఉన్నది. సెక్టర్ 5లో బాలాజీ ఆలయం ఉన్నది. ఉగాదికి పచ్చడి ఉన్నది. క్యాంపు పేటలలో, ఖుర్సీపార్‌లో ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది. సెక్టర్ల తెలుగువారికీ ఆ పేటల తెలుగువారికీ మధ్య ఉన్న దూరం మైళ్ళలో కొద్దిపాటిదే. ఒకే ఊరి నుండి వచ్చిన అన్నదమ్ములలో అన్నకు నౌకరీ దొరికి తమ్మునికి కామ్ మిగిలితే, పెండ్లిళ్ళలో, అప్పులలో, చావు ఇండ్లలో ఆ దూరం ఎట్లు కొలవబడుతుందన్నది మానవశాస్త్ర గ్రంథం సూచించి విడిచిన చోటు. అక్కడ పేర్లు మార్చిన ఉదాహరణలు మాత్రమే ఉంటాయి. కథకు మనుషులు కావాలి. అన్న దోషి కాడు. తమ్ముడు అమాయకుడూ కాడు. ఈ చిక్కును నిలువరించగల గద్యం తెలుగులో సిద్ధంగా ఉన్నది, దానిని అటు నడిపించినవారే తక్కువ.

అందులోనూ తమ్మునికంటె అడుగున ఉన్నది స్త్రీ. కంట్రాక్టు కింద తట్టా పారా పట్టే ఆడకూలీకి భిలాయిలో 'రేజా' అని పేరు. గనులలో యంత్రాలు వచ్చినప్పుడు మొదట వెనుదిరిగినది ఆమె. నౌకరీ గల భర్త దొరికితే పని మాన్పించబడేదీ ఆమె. లేకపోతే ముసలితనం దాకా తట్ట దించనిదీ ఆమె. ఆ మాటకు తెలుగులో సరియైన పదం లేదు. 'ఆడకూలీ' అంటే పొలం గుర్తుకు వస్తుంది, కొలిమి రాదు. మార్చకుండ 'రేజా' అనే ఉంచి రాయడం మేలు.