గంగ ఒడ్డు వాళ్లు సముద్రానికి పోతే

పత్తి ఏరుడు ఒక కొలిక్కొచ్చి చేతిలో నాలుగు పైసలు ఆడే రోజుల్లో, అంటే సంక్రాంతి అటూ ఇటూ, మా చెన్నూరులో బీచ్ ముచ్చట మొదలవుతుంది. ఎల్‌టీసీ పెట్టుకునే సింగరేణి కుటుంబాలు, పిల్లల పరీక్షలకు ముందే ఒకసారి తిరిగి రావాలనుకునే మాస్టార్లు, ఈ ఏడు దిగుబడి బాగుందనుకున్న రైతులు, అందరిదీ ఒకటే ప్రశ్న: ‘ఏ బీచ్ మంచిదన్నా?’ తెలంగాణకు జానెడు సముద్రం లేదు. ఆంధ్రాకేమో ఇచ్ఛాపురం నుంచి తడ దాకా వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు తీరం ఉంది. అందులో ఒక్క చోటు ఏరుకోవాలి. చాలామంది రీల్స్ చూసి ఏరుకుంటున్నారు. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: నీళ్లలో దిగుతారా, చూసి వస్తారా?

చూసి వచ్చేవాళ్లకు విశాఖను మించింది లేదు. ఆర్కే బీచ్‌లో సాయంత్రం పూట నడవండి, మురీ మిక్చర్ తినండి, 2002లో మ్యూజియంగా తెరిచిన కురుసుర జలాంతర్గామిలోకి పిల్లల్ని తీసుకెళ్లండి. స్నానం మాట మాత్రం ఎత్తకండి. అక్కడ ఒడ్డు నిటారుగా దిగిపోతుంది, రెండు అడుగుల్లో మోకాలి లోతు నడుము లోతవుతుంది. సముద్రం ఒడ్డును కోసుకుపోతుంటే పోర్టు దగ్గర తవ్విన ఇసుకను తెచ్చి ఆ తీరంలో పోస్తుంటారు. అలాంటి ఒడ్డు నిలకడగా ఉంటుందని ఎవరు అనుకుంటారు? యారాడ అంతకంటే అందమైనది, అంతకంటే మొండిది. ఇక రుషికొండ. 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. డెన్మార్క్‌లోని ఒక సంస్థ 33 కొలమానాలు చూసి ఇచ్చే గుర్తింపు అది: నీటి పరీక్షలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డులు వగైరా. 2025లో నిర్వహణ సరిగ్గా లేదని ఆ గుర్తింపును ఆపేశారు, సర్దుకున్నాక మళ్లీ ఇచ్చారు. జెండా ఉండటం మంచిదే, ముఖ్యంగా ఆడవాళ్లున్న కుటుంబాలకు. కానీ ఇవాళ అల ఎట్లా ఉందో ఆ జెండా చెప్పదు. దానికి లైఫ్‌గార్డునే అడగాలి.

దిగేవాళ్ల సంగతి వేరు. ఇక్కడ మా ఊరివాళ్లకు కొంత ముందుచూపు ఉందని నా నమ్మకం. గోదావరిని మేం గంగ అనే అంటాం. తూర్పుకో ఆగ్నేయానికో పోయే నది చెన్నూరు దగ్గర ఉత్తరానికి తిరుగుతుంది. పంచక్రోశ ఉత్తరవాహిని అని చెప్పుకుంటాం, అందుకే ఏడాది పొడుగునా స్నానాలకు వస్తుంటారు. అయినా ఇక్కడ పోయినేటి రేవు ఈ ఏడు పనికిరాదు. వరద వచ్చి ఇసుక తిన్నెల్ని ఎటో నెట్టేస్తుంది. అన్నారం బ్యారేజీ గేట్లు మూసిన ఏడాది నీళ్లు ఒక తీరు, తెరిచిన ఏడాది ఇంకో తీరు. కాబట్టి వరద తగ్గాక ప్రతిసారీ రేవును కొత్తగా వెతుక్కోవాల్సిందే. మా బెస్త పెద్దలు ఆ పని చేసేటప్పుడు చూడాలి. ఒడ్డున నిలబడి చాలాసేపు ఏమీ చేయరు. చుట్ట కాలుస్తూ నీటి రంగు చూస్తారు. ‘గలగల పారే కాడ దిగు, నల్లగ నిలబడ్డ కాడ దిగకు’ అంటారు. గలగలమంటే అడుగున ఇసుక దగ్గరగా ఉన్నట్టు. నల్లగా, అద్దంలా ఉంటే అది మడుగు.

ఈ ఒక్క మాట సముద్రం దగ్గర కూడా పనికొస్తుంది. ఒడ్డున నిలబడి చూడండి. ఒక వరసలో అలలు తెల్లగా విరుగుతుంటాయి. అక్కడ నీటి కింద ఇసుక దిబ్బ ఉంటుంది, లోతు తక్కువ. మధ్యలో ఒకచోట మాత్రం నురగ ఉండదు, అల విరగదు, నీళ్లు కాస్త ముదురు రంగులో శాంతంగా కనిపిస్తాయి. ఊరి నుంచి వచ్చిన కొత్తవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్న తండ్రులు సరిగ్గా ఆ శాంతం చూసే అక్కడ దిగుతారు. ఒడ్డుకు ఎక్కిన నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే. దిబ్బకు గండి పడిన చోట పాయ కట్టి లోపలికి లాగుతుంది. ఎంత గజ ఈతగాడైనా దానికి ఎదురీది ఒడ్డుకు రాలేడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ నుంచి బయటపడ్డాక అలలతో పాటు రావాలి. గంగలో వడి ఎక్కువైతే ఎదురు పోకుండా ఏటవాలుగా పడిపోవడం మా పిల్లలకు తెలిసిందే. కాబట్టి ఇది వాళ్లకు కొత్త పాఠమేమీ కాదు.

నది నేర్పనిది పోటు, ఆటు. గంగలో పైన వాన పడకపోతే, ఎవరూ గేట్లు ఎత్తకపోతే పొద్దున చూసిన రేవు మాపటికీ అదే రేవు. సముద్రంలో ఆరు గంటలకొకసారి ఒడ్డే మారిపోతుంది. ఆటు సమయంలో పాయల లాగుడు ఎక్కువ. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఇంకా పెద్దది. మనవాళ్లు సముద్ర స్నానానికి ఎగబడేది సరిగ్గా కార్తీక పౌర్ణమి నాడే. అటు పెద్ద పోటు, ఇటు తుపాన్ల కాలం, పైగా ఇసుక వేస్తే రాలనంత జనం. పుణ్యం సంగతి నేను మాట్లాడను, నీళ్ల లెక్కలో మాత్రం అంతకంటే తప్పు రోజు దొరకదు. ఆ రోజు పోలీసులు తాళ్లు కట్టి గజ ఈతగాళ్లను నిలబెడతారు. వాళ్లకు తెలుసు.

అలల ఎత్తు గురించి ముందుగా చెప్పే ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఎక్కడుందనుకున్నారు? సముద్రం లేని మన హైదరాబాద్‌లో. 2004 డిసెంబర్ సునామీ తర్వాత, 2007లో దేశపు సునామీ హెచ్చరికల కేంద్రాన్ని పెట్టింది కూడా అక్కడే. మత్స్యకారులు రోజూ చూసుకునే ఆ సూచనలు ఎవరైనా చూడొచ్చు. బండెక్కే ముందు వాతావరణం చూస్తాం కదా, అలల హెచ్చరిక కూడా చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇంతకీ నేను ఎక్కడికి పొమ్మంటాను? సూర్యలంక. మంచిర్యాల నుంచి చెన్నై వైపు పోయే రైళ్లు విజయవాడ దాటాక బాపట్ల, చీరాల మీదుగానే పోతాయి. బాపట్ల స్టేషన్ నుంచి బీచ్ తొమ్మిది కిలోమీటర్లు, ఆటో దొరుకుతుంది. ఒడ్డు వెడల్పు, వాలు తక్కువ, దూరం దాకా మోకాలి లోతే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో, ఆదివారం కాని రోజు, పొద్దున్నే పొండి. అక్కడా ప్రాణాలు పోయాయి, లోతు లేదన్న ధీమాతో లోపలికి పోయినవాళ్లే ఎక్కువ. మరీ చిన్న పిల్లలుంటే మచిలీపట్నం దగ్గర మంగినపూడి మేలు. అక్కడి నేల నల్లగా ఉంటుంది, ఫొటోలకు బాగుండదని పిల్లలు మూతి ముడుస్తారు. కాకినాడకు ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డం ఉండి అలను విరిచేస్తుంది కాబట్టి అక్కడి నీళ్లు దాదాపు చెరువే. అలల కోసం పోయేవాళ్లకు అది నచ్చదు.

ఒక్క విషయం మగవాళ్లు అడగరు, ఆడవాళ్లు మొదట అడుగుతారు: తడిసిన బట్టలు ఎక్కడ మార్చుకోవాలి, ఉప్పునీళ్లు పోయేలా మంచినీళ్లతో ఎక్కడ కడుక్కోవాలి? దీనికి జవాబు లేని బీచ్‌కు కుటుంబంతో పోవద్దు, అది ఎంత అందమైనదైనా సరే.

మా అమ్మకు ఈ లెక్కలేవీ పట్టవు. ఆమెకు అంతర్వేదే కావాలి. ‘మన గంగ ఏడ కలుస్తదో చూడాలె బిడ్డా’ అంటుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచిన నది ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలుతుంది. వశిష్ఠ పాయ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ చోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. చిక్కేమిటంటే ఈ కాలంలో ధవళేశ్వరం దగ్గర నీళ్లలో ఎక్కువ భాగం రబీ పంటకు కాలువల్లోకి మళ్లుతుంది. కింద వశిష్ఠలో ఉండేది పోటుతో ఎదురెక్కిన ఉప్పునీరే ఎక్కువ. ఆగస్టులో పోతే మన నీళ్లు నిండుగా కనిపిస్తాయి, కానీ వరద ఎక్కువైతే నది దాటించే పంటు ఆపేస్తారు. ఇదంతా చెప్పాను. ‘చుక్కన్న పోతది కదా’ అంది.

పోనీ భీష్మ ఏకాదశి తీర్థానికి పోదామంటుంది, అప్పుడు అక్కడ కాలు పెట్టే సందుండదు. తీర్థం అయిపోయాక ఒక వారం ఆగి పోదామని నా బేరం. కలిసే చోట నదీ పోటూ ఎదురెదురు తగిలి సుడులు తిరుగుతాయి కాబట్టి అక్కడ చూడటమే, స్నానం గుడి వైపు బీచ్‌లో, అదీ జనం ఉన్నచోట. దీనికి ఒప్పుకుంది. విజయవాడలో బండి మారి నర్సాపురం దాకా పోవాలి. అక్కడ పంటెక్కి సఖినేటిపల్లి వైపు దిగితే ఆటోలుంటాయి.