పికోసెకను పనితనం

పికోసెకనంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. అంతలో కాంతి కూడా 0.3 మిల్లీమీటర్లే కదులుతుంది. అంత పొట్టి మెరుపులను సెమీకండక్టర్ లేజర్ నుంచి రాబట్టడం మాటలు కాదు.

1978లో ఎంఐటీ పరిశోధకులు డయోడ్ లేజర్‌కు బయట అద్దం అమర్చి, కాంతి రాకపోకల లయకు సరిగ్గా కరెంటును కలిపి, దాదాపు 20 పికోసెకన్ల పల్సులు సాధించారు.

1992లో బెల్ ల్యాబ్స్‌లో ఉర్సులా కెల్లర్ రూపొందించిన సెసామ్ అద్దం మరీ గడుసుది. బలహీనమైన కాంతిలో కొంత మింగేస్తుంది. బలమైనది తగిలితే తిప్పి పంపేస్తుంది. దాంతో లేజర్ లోపల తిరిగే కాంతి పల్సులుగా చీలుతుంది. బయటి నుంచి తాళం వేసేవాళ్లే అక్కర్లేదు!

అసలు మెచ్చుకోవాల్సింది ఇలాంటి లేజర్లకు, అద్దాలకు సెమీకండక్టర్ చిప్పు పెంచేవాళ్లను. శూన్యపు గదిలో పరమాణువుల పొరలు పేర్చాలి. వాటిలో క్వాంటమ్ వెల్ అనే ఒక్కో పలుచని పొర మందం సుమారు 10 నానోమీటర్లే. 2007లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ బృందం సెసామ్ అద్దం పనినీ లేజర్ పనినీ ఒకే చిప్పులో ఇమిడ్చింది.