వాదన కూడా దాచాలి

పాత శాసనాల్లో కనిపించే ‘ఴ’ అక్షరం 2014లో, 7.0 వెర్షన్‌తో యూనికోడ్‌లోకి వచ్చింది. దాన్ని ఎందుకు చేర్చాలో వివరించిన ప్రతిపాదనకు నంబరు వేసి, యూనికోడ్ వాళ్లు తమ సొంత సైట్‌లోనే ఉంచారు. కొత్తగా ఫాంటు చేయడానికి కూర్చున్నవాళ్లు ఎవరైనా లాగిన్ గొడవ లేకుండా తెరిచి చదువుకోవచ్చు.

ఏం చేయాలో ప్రమాణం చెబుతుంది. ఎందుకు చేయాలన్నది చర్చల్లో ఉంటుంది. ఆ చర్చ పోయిందంటే, తేలిపోయిన తగువు మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ప్రమాణాలు రాసే మా వర్కింగ్ గ్రూపుకి నోట్స్ కోసం హెడ్జ్‌డాక్, చాట్‌కి జూలిప్, డ్రాఫ్టులకు ఫోర్జియో సొంత డొమైన్ మీద నడుపుతున్నాను.

అన్నీ మనమే నడపాలన్న పట్టుదల నాకు లేదు. వీడియో కాల్ అద్దెదైనా ఫర్వాలేదు, అక్కడ తేలింది నోట్స్‌లోకి ఎక్కితే చాలు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ గ్రూపులు కూడా గిట్‌హబ్ వాడతాయి. అయితే అక్కడున్నదానికి బ్యాకప్ తీసి, అందరికీ అందేలా ఆర్కైవ్ చేయాలని 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8875 చెబుతోంది. ఇందులో ఒక మెలిక ఉంది. గిట్ క్లోన్ కొడితే డ్రాఫ్టు, దాని మార్పుల చరిత్ర మొత్తం వచ్చేస్తాయి. ఇష్యూల కింద జరిగిన వాదోపవాదాలు మాత్రం రావు. వాటిని ఏపీఐతో విడిగా లాగాలి. అసలు ‘ఎందుకు’ ఉండేదేమో అక్కడే.

హెడ్జ్‌డాక్‌లోనూ ఇదే సంగతి. రాత డేటాబేస్‌లో ఉంటుంది, మీటింగ్‌లో అతికించిన బొమ్మలు మామూలుగా అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. డేటాబేస్ డంప్ ఒక్కటే దాచుకుంటే, రీస్టోర్ చేశాక ‘పై బొమ్మ చూడండి’ అన్న వాక్యం మిగులుతుంది, బొమ్మ ఉండదు. అందుకే బ్యాకప్ పూర్తయిందన్న మెసేజ్‌ని నేను నమ్మను. ఖాళీ మెషీన్ మీద రీస్టోర్ చేసి, ఏదో ఒక పాత మీటింగ్ నోట్స్ తెరిచి, చివరిదాకా చదువుతాను. బొమ్మలు వచ్చాయా, పాత లింకులు తెరుచుకుంటున్నాయా చూస్తాను. ఈ పని మొత్తంలో నాకు బాగా ఇష్టమైంది అదే. ఎప్పుడో ఇద్దరు పట్టుబట్టి వాదించుకుని, చివరికి ఒక ఫీల్డును ఐచ్ఛికంగా వదిలేసిన తీరు వాళ్ల మాటల్లోనే మళ్లీ కళ్లముందుకొస్తుంది.

పాస్‌వర్డులన్నీ ఒక్కరి దగ్గరే ఉంటే మాత్రం ఆ సర్వర్ ఆ ఒక్కరిదే, గ్రూపుది కాదు. మాతో ఈమధ్యే చేరిన అమ్మాయికి అడ్మిన్ పని నేర్పుతున్నాను. వచ్చేసారి రీస్టోర్ తనే చేస్తుంది, నేను కీబోర్డు ముట్టుకోను.