నూట ఎనభై మాటల ఉత్తరం

మా అక్క ఇంగ్లండ్‌లో నర్సు. అద్దె ఇంట్లో తనతో పాటు ఇద్దరు మలయాళీలు, ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉంటారు. నలుగురికీ ఒకే రోజు సెలవు దొరకడం అరుదు. అలా దొరికిన ఒక ఆదివారానికి ముందు ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు సినిమాల మీద రాస్తుంటావుగా, మా మీద తీసినవి ఏమైనా ఉంటే చెప్పు" అంది. మూడు పేర్లు చెప్పాను. రెండు నెలల్లో మూడూ చూసేశారు. అన్నీ అయ్యాక తను అన్న మాట ఇది: "బానే ఉన్నాయిరా. కానీ ఒక్కదాంట్లో కూడా ఎవరూ పరీక్ష రాయరేంటి?"

నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఆ మూడు సినిమాలూ నేను మెచ్చుకున్నవే. ఈ లోటు మాత్రం ఎప్పుడూ కనిపించలేదు.

మొదటిది ఆషిక్ అబు తీసిన '22 ఫీమేల్ కొట్టాయం' (2012). బెంగళూరులో ఉంటున్న నర్సు టెస్సా కెనడా వెళ్లాలనుకుంటుంది. వీసా పని చూసే ఏజెన్సీలోనే సిరిల్ పరిచయమవుతాడు. తన పాస్‌పోర్టు, డబ్బు, ఆశ మొత్తం ఒక కొత్త మనిషి టేబుల్ మీద పెట్టి ఇంటికొచ్చి ఎదురుచూడటం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ పరిచయంలోని ప్రమాదం వెంటనే అర్థమవుతుంది. సినిమా మాత్రం దాన్ని ప్రేమకీ, మోసానికీ, పగకీ వాడుకుని వదిలేస్తుంది. చివర్లో టెస్సా కెనడా బయల్దేరుతుంది. మనం ఊపిరి పీల్చుకుంటాం. అక్కడ మాత్రం అక్కవాళ్లింట్లో నవ్వులట. కెనడాలో దిగినంత మాత్రాన ఎవరూ నర్సు అయిపోరు. మన చదువు వాళ్ల చదువుకి సమానమో కాదో తేల్చాలి, భాష స్కోరు ఉండాలి, ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసవ్వాలి, ఆ రాష్ట్రపు రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. ఈలోగా వృద్ధాశ్రమాల్లో సహాయకులుగా పనిచేసేవాళ్లు ఉంటారు. సినిమాకి విమానంతో శుభం కార్డు పడింది. వీళ్ల కథలో అప్పటికి ఇంటర్వెల్ కూడా పడదు.

రెండోది మహేశ్ నారాయణన్ 'టేకాఫ్' (2017). 2014లో ఇరాక్‌లోని తిక్రిత్‌లో చిక్కుకుని బయటపడ్డ 46 మంది భారతీయ నర్సుల ఉదంతం దానికి ఆధారం. మొదటి సగంలో పార్వతి వేసిన సమీర పాత్ర ఇప్పటికీ నాకు గుర్తుంది. ఉద్యోగం చేస్తే తప్పుపట్టే అత్తింటివాళ్లు, తీరని అప్పు, విడాకులు, కొడుకు ముందు దాచాల్సి వచ్చిన రెండో పెళ్లి. ఆమె ఇరాక్ ఎందుకు వెళ్లిందో ఆ సగం చూస్తే తెలుస్తుంది. రెండో సగంలో కథ చేతులు మారుతుంది. రాయబారి ఫోన్లు చేస్తాడు, ఢిల్లీలో అధికారులు పరుగెడతారు, నర్సులు కాపాడబడతారు. అప్పటిదాకా సొంతంగా నిర్ణయాలు తీసుకున్న మనిషి ఒక గుంపులో ముఖంగా మిగిలిపోతుంది. నర్సు మీద సినిమా తీయాలంటే ఆమెకి ప్రాణాపాయం రావాలి అన్న లెక్క ఇందులో ఎక్కడో ఉంది.

మూడోది పాయల్ కపాడియా 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్' (2024). కేన్స్‌లో గ్రాండ్ ప్రి గెలిచింది. మన దేశంలో విడుదల చేసింది రానా దగ్గుబాటి సంస్థే కాబట్టి హైదరాబాద్‌లో చాలామంది చూసే ఉంటారు. ఇక్కడ లెక్క తిరగబడింది. నర్సు ప్రభ ముంబైలోనే ఉంటుంది, జర్మనీ వెళ్లింది భర్త. అతని దగ్గర్నుంచి మాట రాదు, ఒక రైస్ కుక్కర్ వస్తుంది. అయినా మూడింట్లో పరీక్షకి దగ్గరగా వచ్చింది ఇదే అంటాను. ప్రభ వల్ల కాదు, ఆస్పత్రిలో వంటచేసే పార్వతి వల్ల. ఇరవై రెండేళ్లు కాపురమున్న గది తనదేనని చూపించే కాగితం ఆమె దగ్గర లేదు. కళ్లెదుట ఉన్న మనిషి తన ఉనికిని రుజువు చేసుకోవాలి. అక్క అడిగిన పరీక్ష అసలు సంగతి కూడా అదే.

ఆ పరీక్ష ఏమిటో నాకు కొంచెం దగ్గరగా తెలుసు. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి చెప్పాలి.

యూకేలో నర్సుగా పేరు నమోదు కావాలంటే ముందు ఇంగ్లీషు. అక్క ఓఈటీ ఎంచుకుంది. వైద్యరంగంలో పనిచేసేవాళ్ల కోసమే పెట్టిన పరీక్ష అది. అందులో రైటింగ్ అంటే ఒక ఉత్తరం. ఒక రోగి కేస్ నోట్స్ ఇస్తారు. చదవడానికి ఐదు నిమిషాలు, రాయడానికి నలభై. డిశ్చార్జి అయిన మనిషిని ఇంకో నర్సుకో, డాక్టరుకో అప్పగిస్తూ 180 నుంచి 200 మాటల్లో రాయాలి. హైదరాబాద్‌లో ఒక ఐసీయూలో పదకొండేళ్లు పనిచేసిన మనిషి, నైట్ డ్యూటీ దిగి వచ్చి, కళ్లు మండుతుంటే నా ముందు ఆ ఉత్తరాలు పెట్టేది. దిద్దమని.

నేను సాహిత్యం చదివినవాణ్ణి. దిద్దాను. పక్షవాతం వచ్చి తేరుకుంటున్న ఒక పెద్దాయన నోట్స్‌లో, భార్య పోయిన సంవత్సరమే చనిపోయిందనీ, ఆయనకి తోటపని ఇష్టమనీ ఉంది. "ఇక్కణ్ణుంచి మొదలుపెట్టక్కా, మనిషి కనిపించాలి కదా" అన్నాను. తను అనుమానంగా చూసింది. "ముందు ఆయన మింగగలడా లేదా చెప్పాలి కదరా" అంది. నేను వినలేదు. వాక్యాలు పొడుగు చేశాను, విశేషణాలు కలిపాను. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు నాకే బాగా వచ్చన్నది మా ఇంట్లో స్థిరపడిపోయిన మాట. తను నన్ను నమ్మింది.

యూకేకి రైటింగ్‌లో సీ ప్లస్ చాలు. అంటే 300. తనకి 290 వచ్చింది. ముప్పై వేలు దాటిన ఫీజు పోయింది. నా వల్లే పోయిందని చెప్పలేను, నా వల్ల పోలేదని కూడా చెప్పలేను. రెండోసారి తను నాకు చూపించలేదు. పాసైంది.

తర్వాత కుతూహలం కొద్దీ ఆ ఉత్తరానికి మార్కులు వేసే ఆరు కొలతలు చూశాను. ప్రయోజనం, విషయం, క్లుప్తత-స్పష్టత, ప్రక్రియ-శైలి, అమరిక, భాష. నేను పుస్తకాల మీద రాసేటప్పుడు వాడే మాటలే ఇవి. కానీ నేను ఎప్పుడూ మొదటిదాన్ని మొదట పెట్టలేదు. ఈ ఉత్తరం చదివే మనిషి ఎవరు, చదివాక ఏం చెయ్యాలి, దానికి ఏది అవసరం, ఏది తీసెయ్యాలి. అక్క పదకొండేళ్లుగా షిఫ్టు మారినప్పుడల్లా నోటితో చేస్తున్న పని ఇదే. వచ్చిన పనిని రాని పనిలా నేర్పించాను నేను.

ఆ తర్వాత కంప్యూటర్ మీద సీబీటీ. అది హైదరాబాద్‌లోనే. ఇంగ్లండ్ వెళ్లాక ఆస్కీ. పది స్టేషన్లు. కొన్నిచోట్ల రోగిగా నటించేవాళ్లుంటారు, కొన్నిచోట్ల బొమ్మ. మూడుసార్లు తప్పితే దరఖాస్తు మూసేస్తారు. పాసై పిన్ నంబరు వచ్చేదాకా కింది స్థాయి ఉద్యోగమే, కింది స్థాయి జీతమే. చేసే ప్రతి పనీ పరీక్షకులకి వినపడేలా పైకి చెప్పాలి. "ఎన్ని వేలసార్లు చేతులు కడిగి ఉంటానో చెప్పు. ఆరోజు బొమ్మ ముందు నిలబడి, కడుక్కుంటున్నానండీ అని చెప్తుంటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది" అంది. అలాగని పరీక్షే దండగ అనదు. ముట్టుకునే ముందు రోగి అనుమతి అడగడం, చేయబోయేది వివరించడం అక్కడే సరిగ్గా అలవాటైందట. ఇక్కడి వార్డుల్లో అంత తీరిక ఎవరిచ్చారు? దేశం మారితే మందుల పేర్లు, పద్ధతులు, చట్టం అన్నీ మారతాయి, రోగి భద్రత కోసం పరీక్ష ఉండాల్సిందే అంటుంది. తన బాధ వేరే. "నేను నర్సునని నాకు తెలుసు. ఆ ఎనిమిది నెలలూ నాకు తప్ప ఎవరికీ తెలీదు."

ఇప్పుడు అక్క ప్రశ్నకి నా జవాబు చెప్తాను. పరీక్షలు బోరు కాబట్టి సినిమాల్లో ఉండవు అనడం కుదరదు. 'ట్వెల్త్ ఫెయిల్' (2023) అంతా పరీక్షే, జనం కళ్లనీళ్లు పెట్టుకుని చూశారు. కానీ ఆ కుర్రాడు తను కానిదేదో అవుతాడు. కింద నుంచి పైకి వెళ్తాడు. నర్సు పరీక్షలో ఎక్కడానికి మెట్టు లేదు. ముప్పై అయిదేళ్ల మనిషి, పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి, ఖర్చుపెట్టి, ఏళ్లు పోగొట్టుకుని, తను ఇదివరకే ఏమిటో మళ్లీ అదే అవుతుంది. ఈ కథకి మన దగ్గర అచ్చు లేదు. అందుకే దర్శకులు ఏజెంటు మోసంతోనో, యుద్ధంతోనో, ఒంటరితనంతోనో సరిపెడుతున్నారు.

దీనికి వెనక ఇంకో కారణం కూడా ఉంది. కేరళ నుంచి అమెరికా వెళ్లిన నర్సుల మీద షీబా జార్జ్ రాసిన 'వెన్ విమెన్ కమ్ ఫస్ట్' (2005) చదివితే తెలుస్తుంది. ఆడవాళ్లు ముందు వెళ్లారు, భర్తలు వెనక వెళ్లారు. ఇంట్లో, ఉద్యోగంలో తగ్గిన హోదాని ఆ మగవాళ్లు చర్చి పదవుల్లో వెతుక్కున్నారు. అంతకుముందు 2000లో వచ్చిన ఆమె వ్యాసం పేరులోనే 'డర్టీ నర్సెస్' అని ఉంది. పరాయి ఒంటిని ముట్టుకునే పని, రాత్రి డ్యూటీలు, వాటి మీద సమాజం వేసిన మచ్చ. అక్క పెళ్లిచూపుల రోజుల్లో "నైట్ డ్యూటీలు కూడానా?" అని ముఖం చిట్లించిన బంధువే, మొన్న తన కూతుర్ని బీఎస్సీ నర్సింగ్‌లో చేర్పిస్తూ ఓఈటీ గురించి అడిగాడు. ఆ మధ్యలో జరిగిందంతా ఒక నవలకి సరిపోతుంది.

మరి ఆ నవల ఎవరు రాస్తారు? మన విదేశీ కథలు నేను చదివినంతలో హెచ్‌1బీ, గ్రీన్ కార్డు, కొడుకింట్లో విసుగెత్తిన అమ్మానాన్నల చుట్టూ తిరిగాయి. అవి అబద్ధాలు కావు. కానీ అమీర్‌పేటలో జావా నేర్చుకున్న తరానికి కథకులు దొరికారు. ఇవాళ తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకి జర్మన్, జపనీస్ నేర్పిస్తోంది. జర్మనీలో బీ2 స్థాయి భాష, చదువుకి గుర్తింపు వచ్చేదాకా మన స్టాఫ్ నర్సు అక్కడ సహాయకురాలే. ఇక యూకేలో 2024-25 నాటికి విదేశీ నర్సుల చేరికలు బాగా తగ్గాయి. పరీక్షలన్నీ పాసై, ఉద్యోగం లేక, స్కోరు గడువు తీరిపోతుంటే చూస్తూ కూర్చున్నవాళ్లు అక్క స్నేహితుల్లోనే ఉన్నారు. ఓఈటీ స్కోరుని రెండేళ్లు దాటితే లెక్కలోకి తీసుకోరు. తెలుగులో ఈ ఎదురుచూపుకి ఇంకా ఒక్క మంచి పాత్ర కూడా నాకు తారసపడలేదు.

ఈ వ్యాసం అక్కకి పంపించాను. ఈసారి దిద్దడం తన వంతు. రాత్రి డ్యూటీ బ్రేక్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. "కంటెంట్ ఉందిరా. క్లుప్తత లేదు. 290 సంగతి తియ్యకు, ఉండనీ. కానీ ఉత్తరం ఎవరికి రాస్తున్నావో, వాళ్లు ఏం చెయ్యాలో మొదటి పేరాలోనే చెప్పాలి. నువ్వు చివరి దాకా చెప్పలేదు."

నిజమే. తెలుగులో కథలు రాసేవాళ్లకి రాస్తున్నాను. వాళ్లలో నర్సులు ఉంటే ముందుగా వాళ్లకి.