శంకర్ నాగ్ మాల్గుడి – ఏ భాష ఊరు?

"మాల్గుడి డేస్" అనగానే ఎల్. వైద్యనాథన్ బాణీ, స్వామి వేషం వేసిన మాస్టర్ మంజునాథ్ జ్ఞాపకం వస్తారు. దర్శకుడు శంకర్ నాగ్ ఆ తరవాతే. కన్నడదేశంలో ఆటోల మీద ఇప్పటికీ ఆయన బొమ్మ కనిపిస్తుంది కానీ, అది "ఆటో రాజా" (1980) హీరోకి దక్కిన మర్యాద. అదే ఏడు "మించిన ఓట" తీసిన దర్శకుణ్ణి తలిచేవారు తక్కువ. నా లెక్కలో ఆయన అసలు పెట్టుబడి టెలివిజన్‌లోనే ఉంది.

ఆర్.కె. నారాయణ్ మైసూరులో స్థిరపడిన తమిళుడు, రాసింది ఇంగ్లీషులో. శంకర్ నాగ్ ఇంటిభాష కొంకణి, నాటకం నేర్చింది బొంబాయి మరాఠీ రంగస్థలం మీద. వీరిద్దరూ కలిసిన ఊరు మలెనాడులోని ఆగుంబె, వినిపించిన భాష హిందీ. మొత్తం 39 భాగాలలో మొదటి 13 ఇంగ్లీషులోనూ తీశారు. పొరుగు రాష్ట్రాలలో తరతరాలుగా ఉన్న మనకు ఈ కలగాపులగం కొత్తేమీ కాదు.

"గైడ్" (1965) సినిమావాళ్లు తన కథను రాజస్థాన్‌కు తరలించారని నారాయణ్ నొచ్చుకున్నారు. శంకర్ నాగ్ ఆ తప్పు చేయలేదు. అరుగులు, పంచెలు, పెంకుటిళ్లు, బడి గంట, అన్నీ మన దిక్కువే. స్వామి తండ్రిగా గిరీష్ కర్నాడ్ గొంతు పెంచకుండానే పిల్లవాణ్ణి వణికిస్తారు. కథ అయిపోయాక సాగదీయడం కూడా లేదు. నేటి సీరియళ్లవారు నేర్చుకోదగింది అదే.

నా పేచీ భాషతోనే. తండ్రి, బంట్రోతు, అంగడివాడు అందరిదీ ఒకే హిందీ. ఇంట్లో ఒక మాట, సంతలో ఒక మాట, కచేరీలో ఇంకొకటి, ఇదీ మన బతుకు. బళ్లారిలో బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నన్నాళ్లూ నేను రోజుకు నాలుగు భాషలు మార్చాను. మాల్గుడిలో ఆ మార్పే వినపడదు. నారాయణ్ ఇంగ్లీషులోనూ వినపడదనవచ్చు. నిజమే, కానీ పుటమీద పాఠకుడు ఊహించుకుంటాడు. తెరమీద చెవికి ఆ వీలు లేదు.

"ఒక గుర్రం, రెండు మేకలు" కథ మాత్రం వేరు. మట్టి గుర్రాన్ని కొంటున్నానని అమెరికా దొర నూరు రూపాయలిస్తాడు, తన మేకలకే ఆ డబ్బనుకుంటాడు ముని. ఒకరి మాట ఒకరికి తెలియకపోవడమే కథ కనుక, భాషను దాచడానికి లేదు. ఈ ఒక్కచోట తెర పుస్తకాన్ని మించగలదు.

1990 సెప్టెంబరు 30న దావణగెరె దగ్గర కారు ప్రమాదంలో శంకర్ నాగ్ పోయారు. అప్పటికి 35 ఏళ్లు.

హిందీ ముక్క రాని మా అమ్మ ఒక్క భాగం వదలకుండా చూసేది. కథ ఆమెకు బాగానే అందేది. ఒకనాడు మాత్రం అడిగింది: "ఏంరా, వీళ్లు ఇండ్లలో ఏం మాట్లాడుకుంటారు?"